హైడ్రోజన్ పొరకు అతుకే ప్రాణం

హైడ్రోజన్‌ను మాత్రమే దాటనిచ్చే పలేడియం లోహపు పూత వేసిన గొట్టాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి, లోపలికి నైట్రోజన్ పీడనాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ, బల్లమీది దీపాన్ని పక్కవాటుగా వంచి బుడగ ఎక్కడ పుడుతుందా అని కళ్ళప్పగించి కూర్చోవడం కొన్నేళ్ళపాటు నా దినచర్యలో భాగంగా ఉండేది. పూత సరిగ్గా కుదిరిన గొట్టం నడుమ భాగంలో ఏమీ కనిపించదు. ఒక బార్, రెండు బార్లు, మూడు బార్లు దాటినా అద్దంలా మెరుస్తూ ఉంటుంది. అప్పుడే చివరి అంగుళంలో, సన్నని రంధ్రాలతో నిండిన గొట్టాన్ని మామూలు స్టీలు గొట్టానికి కలిపిన వెల్డు గీత మీద, సూదిమొన కంటే చిన్న చోటునుంచి దారం విప్పినట్టు బుడగలు మొదలవుతాయి. నెలరోజుల పని ఆ దారంతో పాటే పైకి పోతుంది.

నేను చూసిన గొట్టాల్లో పాడైనవాటిలో అత్యధిక భాగం ఇలా అతుకు దగ్గరే పాడయ్యాయి. అయినా ఈ రంగంలో పరిశోధన పత్రం తెరిస్తే ముందు కనిపించేది పొర మందం ఎన్ని మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), దానిగుండా హైడ్రోజన్ ఎంత వేగంగా పోయింది అన్న అంకెలే. అతుకు ఎలా వేశారు, ఎన్నిసార్లు వేడిచేసి చల్లార్చారు, చివరికి గొట్టం ఎక్కడ తెగింది అన్న వివరాలు ఒక వాక్యంలో సర్దుకుంటాయి, కొన్నిసార్లు ఆ వాక్యం కూడా ఉండదు. మనం పందెం కాస్తున్న అంకె తప్పు అంకె అని, అధిక ఉష్ణోగ్రత రియాక్టర్లలో లోహపు పొరల భవిష్యత్తు పొర పలచదనం మీద కంటే అతుకు మన్నిక మీద ఎక్కువ ఆధారపడి ఉందని నా అభిప్రాయం. ఈ వ్యాసంలో నేను వాదించదలచినది అదే.

ముందుగా లోహం ఈ పని ఎలా చేస్తుందో చెప్పాలి. బట్టతో కాఫీ వడకట్టినట్టు రంధ్రాలగుండా వడకట్టడం కాదిది. హైడ్రోజన్ అణువు లోహపు ఉపరితలం మీద వాలి రెండు పరమాణువులుగా విడిపోతుంది, ఆ పరమాణువులు స్ఫటిక జాలకంలోని ఖాళీల్లోకి దిగి ఒక ఖాళీనుంచి మరో ఖాళీకి దూకుతూ ఆవలి ఒడ్డుకు చేరి, అక్కడ మళ్ళీ జతకట్టి అణువుగా బయటపడతాయి. నైట్రోజన్‌కు, మీథేన్‌కు, కార్బన్ మోనాక్సైడ్‌కు ఆ దారి లేదు. కాబట్టి లోహంలో చిల్లు లేనంతవరకు అవతలికి వచ్చేది హైడ్రోజన్ ఒక్కటే. 1863లో ఫ్రాన్సులో డెవిల్, ట్రూస్ట్ అనే రసాయన శాస్త్రవేత్తలు ఎర్రగా కాల్చిన ప్లాటినంగుండా హైడ్రోజన్ దాటిపోవడం గమనించారు. 1866లో లండన్‌లో థామస్ గ్రాహం పలేడియం తన ఘనపరిమాణానికి కొన్ని వందల రెట్లు హైడ్రోజన్‌ను మింగగలదని చూపించాడు. ఆయన అప్పటికి బ్రిటిష్ టంకశాల అధిపతి కూడా. లోహాలతో నిత్యం పని ఉన్న మనిషికి ఈ విడ్డూరం కంటబడటం నాకు సహజంగానే తోస్తుంది.

హైడ్రోజన్ పరమాణువులుగా విడిపోయి కరుగుతుంది కనుక దాని ప్రవాహం పీడనాల తేడాను బట్టి కాక, పీడనాల వర్గమూలాల తేడాను బట్టి ఉంటుంది. దీన్నే సీవర్ట్స్ సూత్రం అంటారు. లోహం మందం సగమైతే ప్రవాహం రెట్టింపు కావాలి. లెక్క కాగితం మీద ఎంతో అందంగా ఉంటుంది. 400 డిగ్రీల సెల్సియస్ దగ్గర, 5 మైక్రాన్ల పలేడియం పొరకు ఒకవైపు 10 బార్ల హైడ్రోజన్, మరోవైపు 1 బార్ ఉంటే, ఒక చదరపు మీటరు పొర గంటకు 10 కిలోలకు పైగా హైడ్రోజన్‌ను దాటించాలి. ఫ్యూయల్ సెల్ కారు ట్యాంకులో పట్టేది 5 కిలోల పైచిలుకు మాత్రమే. ఆ చదరపు మీటరు పూతకు కావలసిన పలేడియం సుమారు 60 గ్రాములు. ఈ లెక్క చూసి మనసు పారేసుకోనివాళ్ళు తక్కువ, నేనూ పారేసుకున్నాను.

రియాక్టర్ లోపలే ఈ పొరను పెట్టాలన్న ఆలోచన వెనుక గట్టి కారణం ఉంది. సహజవాయువును ఆవిరితో చర్య జరిపి హైడ్రోజన్ తీసే పద్ధతిలో ఒక మోల్ మీథేన్‌కు 206 కిలోజౌళ్ళ వేడి అందించాలి. పైగా ఆ చర్య సగంలో ఆగిపోకుండా ముందుకు నడవాలంటే 800 నుంచి 900 డిగ్రీల వేడి కావాలి. పుట్టిన హైడ్రోజన్‌ను పుట్టినచోటే బయటికి లాగేస్తే సమతాస్థితి కుదురుకునే వీలుండదు, చర్య ముందుకే నడుస్తుంది, 550 డిగ్రీల దగ్గరే పని జరిగిపోతుంది. వేడి తగ్గితే ఖరీదైన మిశ్రమలోహపు గొట్టాల అవసరం తగ్గుతుంది. మిగిలిపోయిన వాయువులో కార్బన్ డయాక్సైడ్ చిక్కగా, పీడనంతో సహా దొరుకుతుంది కనుక దాన్ని పట్టి నిలవచేయడం సులువవుతుంది. టోక్యో గ్యాస్ సంస్థ 2000ల దశకంలో గంటకు 40 ఘనపు మీటర్ల హైడ్రోజన్ ఇచ్చే ఇలాంటి రియాక్టర్‌ను నడిపి చూపించింది. అంటే సూత్రం పనిచేస్తుందా అన్న ప్రశ్నకు జవాబు ఎప్పుడో వచ్చేసింది. మరి ఇన్నేళ్ళ తరువాత కూడా ఇవి ప్లాంట్లలో మామూలు సరుకుగా ఎందుకు మారలేదు?

పలచదనం పందెం ఆ ప్రశ్నకు జవాబివ్వదు. పొర పలచబడేకొద్దీ లోహం పెట్టే నిరోధం తగ్గుతుంది గానీ మిగతా నిరోధాలు ఎక్కడివక్కడే ఉంటాయి. పొర ముంగిట హైడ్రోజన్ వేగంగా తరలిపోవడంతో అక్కడ నైట్రోజన్ వంటివి గుమిగూడి, కొత్త హైడ్రోజన్‌ను దగ్గరికి రానివ్వవు. పొరను మోసే రంధ్రాల గొట్టమూ తనవంతు అడ్డు పెడుతుంది. ఉదాహరణకు లోహపు నిరోధం, మిగతా నిరోధాలు సరిసమానంగా ఉన్న దశలో పొరను సగానికి పలచన చేస్తే ప్రవాహం రెట్టింపు కాదు, మూడోవంతు మాత్రమే పెరుగుతుంది. ఆ మూడోవంతుకు మనం చెల్లించే మూల్యం చిల్లులు. ఆధారపు గొట్టం మీది ఒక పెద్ద రంధ్రాన్ని 20 మైక్రాన్ల పూత కప్పేస్తుంది, 3 మైక్రాన్ల పూత కప్పలేదు. ఇల్లలకగానే పండగ కాదన్నట్టు, స్వచ్ఛమైన హైడ్రోజన్‌తో, చిన్న ముక్క మీద, కొన్ని గంటలపాటు కొలిచిన గొప్ప ప్రవాహం అసలు మిశ్రమవాయువులో, మీటరు పొడవు గొట్టం మీద నిలబడదు.

ఎక్కువకాలం నిజంగా పనిచేస్తున్న పొరలు ఎలాంటివో చూస్తే ఈ మాట ఇంకా స్పష్టమవుతుంది. చిప్పులు తయారుచేసే కర్మాగారాలకు అతిశుద్ధమైన హైడ్రోజన్ అందించే పలేడియం–వెండి గొట్టాలు దశాబ్దాలుగా మార్కెట్లో ఉన్నాయి, వాటి గోడ మందం పదుల మైక్రాన్లలో ఉంటుంది. ఫ్యూజన్ పరిశోధనలో ట్రిటియంను వేరుచేసే పరికరాల్లోనూ ఇలాంటి గొట్టాలనే నమ్ముకున్నారు. అక్కడ లీకు అంటే రేడియోధార్మిక వాయువు లీకు, చిన్న తప్పుకు కూడా చోటు లేదు. ఇటలీలోని ఫ్రస్కాటీలో ఎనియా అనే ప్రభుత్వ పరిశోధన సంస్థ ప్రయోగశాల పలేడియం–వెండి రేకులను చుట్టి, కరిగించకుండా, పరమాణువులు ఒక రేకులోంచి మరోదానిలోకి పాకే వ్యాపనంతోనే అతికే పద్ధతిలో గొట్టాలు చేసింది. ఒక కొనను మూసేసి, రెండో కొనను మాత్రమే పట్టించి, వేలులా వేలాడనిచ్చిన గొట్టాలవి. వేడికి పొడవు పెరిగితే స్వేచ్ఛగా సాగుతాయి, చల్లారితే ముడుచుకుంటాయి, రెండు వైపులా బిగించిన గొట్టంలా తనను తాను చీల్చుకోవు. ఆ గొట్టాన్ని చూసినప్పుడల్లా నాకు అందులో కనిపించేది ఒక నిర్ణయం: అతుకుల సంఖ్యను ఒకటికి కుదించడం. ప్రవాహంలో కొంత వదులుకుని ఆయుష్షు కొనుక్కున్నారు.

వ్యాకోచం సంగతి అంకెల్లో చూడండి. 50 సెంటీమీటర్ల ఆస్టెనిటిక్ రకం స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టం 500 డిగ్రీలు వేడెక్కితే సుమారు 4 మిల్లీమీటర్లకు పైగా పెరుగుతుంది. అదే పొడవు అల్యూమినా (పింగాణీ రకం) గొట్టం పెరిగేది 2 మిల్లీమీటర్లే. అల్యూమినా మీద పూత వేసి రెండు చివరలా స్టీలు కవచానికి బిగిస్తే, ప్రతి వేడిలోనూ ఆ 2 మిల్లీమీటర్ల పైచిలుకు తేడాను ఎవరో ఒకరు భరించాలి. భరించేది ఎప్పుడూ బలహీనుడే, అంటే సీలు. గ్రాఫైట్ గాస్కెట్ పెడితే గాలి తగిలేచోట 450 డిగ్రీలు దాటాక అది మెల్లగా కాలిపోతుంది, బిగించిన నట్టు నాలుగైదుసార్లు వేడిచేసి చల్లార్చే చక్రాల తరువాత వదులవుతుంది, మళ్ళీ బిగిస్తే పింగాణీ గొట్టం పుటుక్కుమంటుంది. స్టీలు మీద పూత వేస్తే వెల్డింగ్ చేసుకోవచ్చు, అది పెద్ద సుఖం. కానీ అక్కడ ఇనుము, క్రోమియం మెల్లగా పలేడియంలోకి పాకుతాయి, కాబట్టి మధ్యలో జిర్కోనియా వంటి ఆక్సైడ్ అడ్డుపొర వేయాలి. ఆ అడ్డుపొర వెల్డు గుబ్బ మీద సరిగ్గా నిలవదు. వెల్డు గీతకు ఒకపక్క గరుకైన రంధ్రాల గొట్టం, మరోపక్క నున్నని స్టీలు, నడుమ కరిగి గడ్డకట్టిన వంకర గట్టు ఉంటాయి. ఈ మూడింటి మీదుగా ఒకే మందంతో, తెగకుండా పూత నడవాలి. హైడ్రజీన్ కలిపిన 60 డిగ్రీల పలేడియం స్నానంలో గొట్టాన్ని ముంచినప్పుడు నున్నని స్టీలు మీద పూత పట్టు తక్కువ. మేము ఆ గట్టును వజ్రపు పొడితో రుద్ది, కడిగి, మళ్ళీ పూత వేసి, మళ్ళీ రుద్ది, ఒక్క సెంటీమీటరు మీద వారం రోజులు గడిపిన సందర్భాలున్నాయి. గొట్టం మిగతా భాగం మొత్తానికి రెండు రోజులు చాలేవి.

ఇక ఒక రాత్రి జరిగిన సంగతి. నేను అప్పుడు పనిచేస్తున్న ప్రయోగశాలలో, స్టీలు ఆధారం మీద పలేడియం పూత వేసిన ఒక గొట్టం 450 డిగ్రీల దగ్గర 19 రోజులుగా ఏ లీకూ లేకుండా నడుస్తోంది. అర్ధరాత్రి దాటాక కరెంటు పోయింది. ఫర్నేసు జనరేటర్ లైను మీద లేదు. హైడ్రోజన్ గొట్టం మీద మేము పెట్టిన వాల్వు కరెంటు పోతే తెరుచుకునే ఉండే రకం. అది మా తప్పే, చౌకగా దొరికిందని పెట్టుకున్నాం. గొట్టం హైడ్రోజన్‌లోనే చల్లారింది. సుమారు 300 డిగ్రీల దిగువన పలేడియంలో హైడ్రోజన్ తక్కువగా ఉండే దశ ఒకటి, ఎక్కువగా ఉండే దశ ఒకటి రెండూ కలిసి ఏర్పడతాయి. ఒకదాని నుంచి మరొకదానికి మారేటప్పుడు లోహం ఘనపరిమాణం పది శాతం దాకా ఉబ్బుతుంది. ఉదయం కవచం విప్పి చూస్తే గొట్టం నడుమ పూత ముడతలు పడి ఉంది గానీ ఇంకా అంటుకునే ఉంది. వెల్డు దగ్గర మాత్రం ఎండిన ఉల్లిపొరలా లేచిపోయి, వేలితో తాకితే గొట్టం చుట్టూ ఉంగరంలా ఊడి చేతిలోకి వచ్చింది. ఆ ఉంగరాన్ని చిన్న సీసాలో పెట్టి దాచుకున్నాను.

వెండి 23 శాతం కలిపిన పలేడియం అయితే ఆ దశమార్పు గది ఉష్ణోగ్రత దగ్గరికి జారిపోయేది, హైడ్రోజన్ ప్రవాహం కూడా పెరిగేది. 1950లలోనే అమెరికాలో హంటర్ అనే పరిశోధకుడు ఈ మిశ్రమలోహం విలువను గుర్తించాడు. మేము శుద్ధ పలేడియం వాడటానికి కారణం, రెండు లోహాలను ఒకే స్నానంలోనుంచి సమంగా పూయడం కష్టం కావడం. ప్రవాహపు అంకె కోసం చేసే ప్రయోగానికి శుద్ధ పలేడియం చాలు. కరెంటు పోయే ఊళ్ళో ఏళ్ళతరబడి పనిచేయాల్సిన పరికరానికి అది చాలదు. మనం ఏ అంకెను లక్ష్యంగా పెట్టుకుంటే మన పదార్థమూ, మన వాల్వూ ఆ అంకెకు తగ్గట్టే ఉంటాయి.

పలేడియం ఖరీదును చూసి వెనేడియం, నయోబియం, టాంటలం వైపు చూసేవాళ్ళు చాలామంది ఉన్నారు, వారి వాదనలో న్యాయముంది. ఈ లోహాల్లో హైడ్రోజన్ పలేడియంలో కంటే ఎన్నో రెట్లు సులువుగా దాటుతుంది, కాబట్టి గోడను మందంగా ఉంచుకోవచ్చు. గోడ మందంగా ఉంటే ఆధారపు గొట్టం అవసరం లేదు, రంధ్రాల గొట్టానికి వెల్డింగ్ చేసే తిప్పలూ లేవు. నా వాదన కోణంలోనుంచి చూస్తే ఇది గొప్ప సదుపాయం. ఆస్ట్రేలియా సైన్సు సంస్థ సీఎస్ఐఆర్ఓ వెనేడియం గొట్టాలతో, హైడ్రోజన్‌ను మోసుకెళ్ళే రూపంగా వాడే అమ్మోనియా నుంచి హైడ్రోజన్ తీసి, 2018 ఆగస్టులో బ్రిస్బేన్‌లో టయోటా మిరాయ్, హ్యుందాయ్ నెక్సో కార్లలో నింపి చూపించింది. అయితే ఈ లోహాలు హైడ్రోజన్‌ను అతిగా తాగి పెళుసుబారతాయి. జపాన్‌లో నగోయా విశ్వవిద్యాలయపు యుకావా బృందం, ఒక్కో లోహపు పరమాణువుకు సుమారు 0.2 హైడ్రోజన్ పరమాణువులు దాటితే లోహం సాగే గుణం పోయి పగిలే గుణం వస్తుందని తేల్చి, ఆ గీతకు లోపలే ఉండేలా మిశ్రమలోహాన్ని, పీడనాన్ని, ఉష్ణోగ్రతను ఎంచుకోవాలని సూచించింది. ఈ రంగంలో నాకు బాగా నచ్చిన పని ఇది. ఎందుకంటే అది ఎంత పోయింది అని కాక, ఎక్కడ విరుగుతుంది అని మొదలుపెట్టింది. ఉపరితలం మీద ఆక్సైడ్ పట్టకుండా ఈ గొట్టాలకూ పలుచని పలేడియం పూత కావాలి, 400 డిగ్రీలు దాటేకొద్దీ ఆ పూత లోపలి లోహంలో కలిసిపోవడం మొదలవుతుంది. ఇక గొట్టం చివర, వేడిలోనుంచి చల్లటి ఫిట్టింగ్ వైపు వచ్చే ఆ కొద్ది సెంటీమీటర్లలో, ఉష్ణోగ్రత తగ్గుతున్నకొద్దీ లోహం మరింత హైడ్రోజన్ తాగుతుంది. అంటే పెళుసుదనం సరిగ్గా అతుకు ఉన్నచోటే ఎక్కువ. లోహం మారినా కథ మళ్ళీ అక్కడికే వచ్చింది.

అమ్మోనియా విషయంలో లీకు ఎంత ప్రమాదమో లెక్కవేసి చూద్దాం. ఫ్యూయల్ సెల్ వాహనాల హైడ్రోజన్‌కు ఐఎస్ఓ 14687 ప్రమాణం నైట్రోజన్‌ను పది లక్షలకు 300 వంతుల దాకా అనుమతిస్తుంది, అమ్మోనియాను మాత్రం 0.1 వంతు దాటనివ్వదు. విచ్ఛిన్నం కాకుండా ఒక శాతం అమ్మోనియా మిగిలిన వాయువు పొర ముందు ఉందనుకుంటే, అవతలికి వచ్చేసరికి దాని పాలు లక్షో వంతుకు తగ్గాలి. నిక్కమైన లోహానికి ఇది సమస్యే కాదు, లోహం అమ్మోనియాను అసలు దాటనివ్వదు. అందువల్ల శుద్ధత మొత్తం ఆ సూదిమొన బుడగ చేతిలోనే ఉంటుంది. పైగా గొట్టం చివరికి వచ్చేసరికి హైడ్రోజన్ చాలావరకు తరలిపోయి ఉంటుంది కనుక, ఆ చివర చిల్లులోనుంచి పోయేదాంట్లో పనికిరాని వాయువే ఎక్కువ. చిల్లు ఒకటే అయినా అది గొట్టం మొదట్లో ఉండటం వేరు, చివర్లో ఉండటం వేరు.

పీడనం మార్చుతూ, మలినాలను రేణువుల ఉపరితలానికి పట్టించి (అధిశోషణంతో) శుద్ధిచేసే పద్ధతి ఉండగా ఈ తంటాలన్నీ దేనికని అడిగేవాళ్ళున్నారు. పెద్ద రిఫైనరీల విషయంలో వారిది సరైన ప్రశ్నే. అక్కడ ఆ పద్ధతిలో పదో వంతుకు పైగా హైడ్రోజన్ వృథా వాయువులోకి పోయినా దాన్ని కొలిమిలోనే మండిస్తారు కనుక నష్టం పెద్దగా ఉండదు. అక్కడ పొరలు ఇప్పట్లో గెలవవు, గెలుస్తాయని చెప్పడం కూడా నిజాయితీ కాదు. చిన్న పరిమాణంలో, వినియోగించేచోటే హైడ్రోజన్ తీయవలసి వచ్చినప్పుడు, ముఖ్యంగా అమ్మోనియాను మళ్ళీ హైడ్రోజన్‌గా విప్పవలసి వచ్చినప్పుడు పొరకు అసలు అవకాశం ఉంది. మామూలుగా నికెల్ ఉత్ప్రేరకంతో 850 డిగ్రీలకు పైగా నడిపే ఆ చర్యను, రుథేనియంతో, పొర తోడుంటే 450 డిగ్రీల దగ్గర నడపవచ్చు. అమ్మోనియాలో గంధకం ఉండదు కాబట్టి పలేడియంకు మరో పెద్ద శత్రువు బెడద లేదు.

ఈ మాటకు మన నేలతోనూ సంబంధముంది. కాకినాడలో ఏటా 10 లక్షల టన్నుల హరిత అమ్మోనియా లక్ష్యంగా ప్రాజెక్టు చేపట్టారు, పూడిమడకలో హరిత హైడ్రోజన్ కేంద్రానికి 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. 2023లో కేంద్రం ఆమోదించిన 19,744 కోట్ల రూపాయల జాతీయ హరిత హైడ్రోజన్ మిషన్ గురించి చర్చంతా నీటిని కరెంటుతో విడగొట్టి హైడ్రోజన్ తీసే ఎలక్ట్రొలైజర్ల చుట్టూ తిరుగుతోంది. అమ్మోనియా కట్టడం గురించి ఇంత మాట్లాడేవాళ్ళం దాన్ని విప్పడం గురించి మాట్లాడకపోవడం నాకు బాధగా ఉంటుంది. హైదరాబాద్‌లో 1971 నుంచి పనిచేస్తున్న న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ అణు ఇంధనం కోసం అతుకు లేని పలుచని జిర్కోనియం మిశ్రమలోహపు గొట్టాలు లాగుతోంది, వాటి చివరలకు మూతలు వెల్డు చేస్తోంది, ఒక్కో వెల్డునూ లీకు పరీక్షకు పెడుతోంది. ప్రభుత్వ సంస్థ మిధానిలో ప్రత్యేక మిశ్రమలోహాలు పోతపోస్తారు, పదార్థాల పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐలో పూతల మీద ఏళ్ళ అనుభవం ఉంది. ఒకే నగరంలో గొట్టం లాగేవాళ్ళు, లోహం కరిగించేవాళ్ళు, పూత వేసేవాళ్ళు, చివర మూసేవాళ్ళు ఇలా కలిసి ఉండటం ప్రపంచంలో ఎక్కువ చోట్ల కనిపించదు. పలుచని పొరలో రికార్డు కొట్టడానికి మనం ఆలస్యమై ఉండవచ్చు గానీ అతుకు వేయడంలో ఆలస్యం కాలేదు.

ఈ పని మీద డబ్బు పెట్టేవాళ్ళు నన్ను అడిగితే నేను కోరే పరీక్ష ఒకటుంది. పలేడియం–వెండితో గానీ వెనేడియం మిశ్రమలోహంతో గానీ చేసిన, ఒక కొన మూసిన గొట్టం తీసుకోవాలి, పొడవు అర మీటరుకు తగ్గకూడదు. అమ్మోనియా విచ్ఛిన్నమైన అసలు వాయువులో 450 డిగ్రీల దగ్గర నడపాలి. వారానికి ఒకసారి ముందస్తు హెచ్చరిక లేకుండా ఫర్నేసుకు, వాల్వులకు కరెంటు తీసేసి, చల్లారాక మళ్ళీ వేడిచేయాలి. ప్రతిసారీ హీలియంతో లీకు కొలిచి రాసుకోవాలి. ప్రవాహం ఎంతన్నది ఆఖరి పుటలో ఉన్నా చాలు. గొట్టం పాడైన రోజున, ఏ చక్రంలో పాడైందో రాసి, దాన్ని పారేయకుండా వెల్డు మీదుగా నిలువుగా కోసి, మెరుగుపెట్టి, సూక్ష్మదర్శిని కింద పెట్టి, పగులు ఏ లోహంలో మొదలై ఏ లోహంలోకి పాకిందో ఫోటో తీయాలి. నా సీసాలో ఉన్న ఉంగరాన్ని ఇటీవలే అలా కోయించాను. పగులు పలేడియంలో మొదలు కాలేదు, దాని కింద వెల్డు గట్టు వాలులో, జిర్కోనియా అందని వెంట్రుకవాసి జాగాలో మొదలైంది.